ఆయన వంతు

ఇస్త్రీ గది,
మార్చి మొదటివారం

చిట్టికి,

ఆశీస్సులు. నువ్వు క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

ఫోను పెట్టుకుని వదిన ఉత్తరం రాసిందేమిటా అని నవ్వుకుంటున్నావు కదూ? ఫోనులో మాట్లాడితే మీ అన్నయ్య వింటారు. మా ఇల్లు ఎంతో నీకు తెలుసు. వంటగదిలో గుసగుసలాడితే వీధి గదిలో జవాబు వస్తుంది. ఇది ఆయన చెవిన పడకూడని మాట. నువ్వు కూడా ఇంటికి రాయకు. లాండ్రీ చిరునామాకే రాయి. మేనేజరమ్మ నా చేతికే ఇస్తుంది.

మొన్న మధ్యాహ్నం ఆయనకి భోజనం పట్టుకుని మందుల షాపు దగ్గరికి వెళ్ళాను. అక్కడ కొత్త బోర్డు రాస్తున్నారు. నేను వచ్చింది చూసుకోలేదు. నిచ్చెన దిగి సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగారు. ఎక్కి రెండక్షరాలు రాశారో లేదో మళ్ళీ దిగారు, మళ్ళీ నీళ్ళు. తర్వాత షాపువాళ్ళు రాసిచ్చిన కాగితం జేబులోంచి తీసి, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, కళ్ళు చికిలించి చదువుకున్నారు. చాలక తల వెనక్కి వంచి మళ్ళీ చదువుకున్నారు. ఆయన ఎప్పుడూ అలా చదివే మనిషి కాదు. నా చేతిలో క్యారియరు బరువెక్కిపోయింది. 

మామయ్యగారి ఆఖరి బోర్డు నీకు గుర్తుందా? ఎడమవైపు బాగానే మొదలుపెట్టారు. కుడివైపుకి వచ్చేసరికి అక్షరాలు మెట్లు దిగినట్టు దిగిపోయాయి. మీ అన్నయ్య మర్నాడు పొద్దున్నే వెళ్ళి మొత్తం చెరిపి తిరగరాసి వచ్చారు, తండ్రికి చెప్పలేదు. ఆ తర్వాత మామయ్యగారికి చూపు పూర్తిగా పోయింది. బతికినన్నాళ్ళూ ఆ బోర్డునే తన చేతిపనిలోకెల్లా మేలైందని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. మీ అన్నయ్య తల ఊపేవారు.

షుగరు తండ్రికి ఉంటే కొడుక్కి కూడా వస్తుందంటారు. నాకు చదువు తక్కువ, నిజమో కాదో తెలియదు. ఆయనకి కళ్ళే బతుకు. కళ్ళు లేని రోజున ఆయన ఏమవుతారో నేను ఊహించలేను. తెల్లవారి ప్రార్థనలో రోజూ ఒక్కటే అడుగుతున్నాను. ఏమిటని అడక్కు, అది నాకూ దేవుడికీ మధ్య ఉండనీ.

మీ నాన్నగారికి మొదట్లో ఎలా ఉండేదో, ఏవేం తినకూడదనేవారో నీకు జ్ఞాపకం ఉన్నంతవరకు రాయి.

నీ వదిన


టికెట్ కౌంటర్,
మార్చి రెండోవారం

వదినకి,

నమస్కారాలు. కవరు మీద నీ చేతిరాత చూసి, ఇన్నాళ్ళకి మా అన్నయ్యతో పోట్లాడి పుట్టింటికి వెళ్ళిపోయావేమో, నాకు మంచి కాలక్షేపం దొరికిందని సంబరపడ్డాను. తీరా చూస్తే వాడు నీళ్ళు తాగాడట! ఎండలో నిచ్చెన ఎక్కినవాడు నీళ్ళు తాగక రంగు తాగుతాడా?

ఇలా నవ్వుతూనే చదివాను, నాన్న బోర్డు దగ్గరికి వచ్చేదాకా. అక్కడ ఆగిపోయాను. కిటికీ అవతల ఒకాయన టికెట్ కోసం గాజు మీద తడుతున్నాడు, వినిపించలేదు.

నాన్నకి దాహంతోనే మొదలైంది. మంచం పక్కన చెంబు సరిపోక బిందె పెట్టుకునేవాడు. తర్వాత కాలికి చిన్న దెబ్బ తగిలితే నెలల తరబడి మానలేదు. అప్పుడు కూడా డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. కళ్ళు మసకలేస్తుంటే రంగులో కల్తీ అన్నాడు. అమ్మ బతిమాలింది. ఎవరి మాట విన్నాడు?

మా స్టేషన్ మాస్టారు పదేళ్ళుగా షుగరుతో కాపురం చేస్తున్నాడు. పెళ్ళాంతో కన్నా దానితోనే సఖ్యంగా ఉంటాడు. ఆయన్ని అడిగి రాస్తున్నాను. అన్నం సగం చెయ్యి, కూర రెట్టింపు చెయ్యి. టీలో పంచదార మానిపించు. తినగానే కుర్చీలో కూలబడనివ్వకుండా నడిపించు. బేకరీ పెద్దాయన సాయంత్రం పూట ఇంకా డబ్బా పంపుతున్నాడా? అన్నయ్య ఎప్పుడో బోర్డు రాసిపెట్టిన పాపానికి ఆ కేకులు, బన్నులు జీవితాంతం తినాలా? అది ముందు ఆపు.

అన్నిటికన్నా ముఖ్యం రక్తపరీక్ష. కానీ నీకు షుగరుందేమో పద అంటే వాడు కదలడు. చిన్నప్పుడు బడికి టీకాలు వేసేవాళ్ళు వస్తే ఇంటికి పారిపోయి వచ్చి రంగు డబ్బాల వెనక దాక్కున్న మొనగాడు. మెల్లిగా దారిలోకి తెచ్చుకో.

నీ ఆడపడుచు,
చిట్టి


ఇస్త్రీ గది,
మే నెల, మధ్యాహ్నం విరామం

చిట్టికి,

ఆశీస్సులు. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. హోటళ్ళ దుప్పట్లు కొండలా వచ్చి పడ్డాయి. ఈ ఎండల్లో ఇస్త్రీ గదిలో ఆవిరి ఎలా ఉంటుందో చెప్పలేను. కూజా ఖాళీ చేస్తాను, నింపుతాను, మళ్ళీ ఖాళీ చేస్తాను. పక్క బల్ల ఆవిడ, ‘నీకు కూజా చాలదమ్మా, పైపు తెచ్చి నోట్లో పెడతాను’ అంటుంది.

నువ్వు రాసినట్టే చేస్తున్నాను. అన్నం తగ్గించాను. మొదటిరోజు మీ అన్నయ్య కంచం అటూ ఇటూ తిప్పి చూసి, ‘మిగతా అన్నం ఎవరైనా అప్పు తీసుకెళ్ళారా?’ అన్నారు. టీ తాగి, ‘ఇందులో పంచదార వేశావా, దాని పేరు చెప్పి ఊరుకున్నావా?’ అన్నారు. బీన్సు, ఆకుకూరలు, కీరా ముక్కలు ఎక్కువ పెడుతున్నాను. ‘నేను బోర్డులు రాసేవాణ్ణే గాని గడ్డివాము దగ్గర కట్టేసినవాణ్ణి కాదు’ అని ఒకరోజు గట్టిగానే అన్నారు. నేను ఏమీ అనలేదు. నేను మాట్లాడకపోతే ఆయనకి భయం, అందుకని తినేస్తారు.

రాత్రి భోజనం కాగానే వీధి చివరిదాకా బయల్దేరదీస్తున్నాను. పొద్దున్నుంచి నిలబడే పని కదా, నా కాళ్ళు మంటలు పుడతాయి. అందుకని నేను చివర బెంచీ మీద కూర్చుంటాను, ఆయన్ని చుట్లు తిరిగి రమ్మంటాను. తిరుగుతూ దారిలో బోర్డులన్నిటికీ వంకలు పెడతారు. ‘ఆ అక్షరం చూడు, నడుం పట్టేసినట్టుంది. దీని తోక చూడు, ఎవరో తొక్కినట్టుంది’ అంటారు. నాకు నవ్వొస్తుంది. నెలన్నరకే బెల్టు ఒక చిల్లు లోపలికి వెళ్ళింది.

బేకరీ పెద్దాయనకి మాత్రం వద్దని చెప్పలేకపోయాను. ముసలాయన అంత ప్రేమగా పంపిస్తుంటే ఎలా కాదనను? మీ అన్నయ్య చూడకముందే డబ్బా పక్కన పెట్టి నేనే తినేస్తున్నాను. ఆయన కంచంలోంచి తీసిన అన్నం కూడా అంతే. దేవుడిచ్చిన తిండి పారేస్తే చేతులు పడిపోతాయని మా అమ్మ పెంచిన పెంపకం నాది. ఇంట్లో తీపి కనబడితే ఆయన ఆగలేరు. ఆయన కంట పడకుండా ఉండాలంటే నా కడుపు కన్నా మంచి చోటు ఏముంది?

మొన్నామధ్య ఇస్త్రీ పెట్టె మణికట్టుకి తగిలి కాలింది. చిన్నదే. మూడు వారాలైనా పచ్చిగానే ఉంది, ఆవిరి తడికి కాబోలు. నువ్వు బెంగపడకు.

నీ వదిన


టికెట్ కౌంటర్,
జూన్

వదినకి,

నమస్కారాలు. అన్నయ్య బెల్టు కథ చదివి స్టేషన్ మాస్టారికి కూడా చెప్పాను. ‘మీ వదినగారిని మా ఇంటికి ఒక నెల పంపించు’ అన్నాడు. నేను కూడా డ్యూటీ దిగాక ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తున్నాను. నాన్న కూతుర్నే కదా. కూలీలు, ‘అమ్మగారూ, ఏ బండి కోసం?’ అని ఆటపట్టిస్తున్నారు.

కానీ వదినా, నీ ఉత్తరం రెండోసారి చదివితే నాకు నవ్వు రాలేదు. వాడి నోటి దగ్గర తీసిందంతా నీ నోట్లో వేసుకుంటున్నావా? వాణ్ణి నడిపించి నువ్వు బెంచీ మీద కూర్చుంటున్నావా? నీ కడుపేమన్నా చెత్తకుండీయా? పారేయడం పాపమైతే తిండి లేనివాళ్ళకి పెట్టు, అది పుణ్యం. ఇంకొకటి. కాలిన గాయం మూడు వారాలు మానకపోవడం నాకు నచ్చలేదు. నీకు చిన్నప్పటి నుంచి వంటింట్లో కాలడం, మానడం అలవాటేగా. ఇప్పుడే ఏమైంది?

ఇంక ఆలస్యం చెయ్యకు. ఇద్దరూ కలిసి రక్తం ఇచ్చి రండి. ‘ఒక్కదాన్నీ వెళ్ళాలంటే భయంగా ఉంది, మీరు తోడు రండి’ అని చెప్పు. నీ కోసమంటే వాడు సూదికే కాదు, కత్తికైనా వస్తాడు.

చిట్టి


వంటగది బల్ల,
జులై, ఆదివారం

చిట్టికి,

ఆశీస్సులు, వెయ్యి ఆశీస్సులు.

మీ అన్నయ్యకి ఏమీ లేదు! పరగడుపున చేసింది, తిన్నాక చేసింది, మూడు నెలల సగటు చెప్పేది, అన్నీ మామూలుగా ఉన్నాయి. తండ్రికి ఉంది కాబట్టి ఈ అలవాట్లు వదలకండి, ఏడాదికోసారి చూపించుకోండి అంది డాక్టరమ్మ. ఆ రోజు నీళ్ళు తాగింది ఎండకేనట. ఇక కళ్ళంటావా, అది ఒట్టి చత్వారం! ఈ వయసులో అందరికీ వచ్చేదే, ఇంకా ఆలస్యంగా వచ్చిందన్నారు. కళ్ళజోడు పెట్టుకుని అద్దంలో చూసుకుని, ‘ఇప్పుడు చదువుకున్నవాడిలా ఉన్నాను’ అని మురిసిపోయారు.

సూది గుచ్చేటప్పుడు మాత్రం నా చెయ్యి వదల్లేదు. గుచ్చిన చెయ్యి ఆయనది, వాచిన చెయ్యి నాది.

దేవుడు నా మాట విన్నాడు చిట్టీ. ఇంత త్వరగా, ఇంత స్పష్టంగా వింటాడని నేననుకోలేదు. ఇక నాకే కోరికా లేదు.

నేను బాగానే ఉన్నాను.

నీ వదిన


టికెట్ కౌంటర్,
జులై

వదినకి,

చదవగానే కౌంటర్ మూసి ఒక్క నిమిషం బయటికి వచ్చి గాలి పీల్చుకున్నాను. నాన్న పోయినప్పటి నుంచి అన్నయ్య గురించి నాకూ ఆ దిగులు ఉంది, నోరు తెరిచి నీకు చెప్పలేదు. వాడికి కళ్ళజోడు వచ్చిందంటే ఇంక మనల్ని లెక్కచెయ్యడు.

తర్వాత మళ్ళీ చదివాను. మూడు పేజీలు పట్టే సంగతి ఒక పేజీలో రాశావు. వాడి పరీక్షలన్నీ వరసగా చెప్పావు. నీకోసం మాత్రం ‘నేను బాగానే ఉన్నాను’ అని ఒక్క ముక్క పడేశావు. రక్తం ఇద్దరూ ఇచ్చారు కదా. నీ కాగితంలో ఏముంది?

రోజంతా కిటికీలోంచి మనుషుల మొహాలు చూసే దాన్ని నేను. ఎవరు ఎక్కడికి పోతున్నారో మాట తీరుని బట్టే చెప్పగలను. నువ్వు ఎప్పుడూ అబద్ధం చెప్పవు, అది నాకు తెలుసు. చెప్పకుండా ఊరుకుంటావు, అది కూడా తెలుసు.

కూజాలు కూజాలు నీళ్ళు తాగింది నువ్వు. గాయం మాననిది నీకు. కాళ్ళు మంటలు పుట్టింది నీకు. నేను నాన్నని చూసినదాన్ని వదినా. దాచకు.

చిట్టి


ఇస్త్రీ గది,
ఆగస్టు

చిట్టికి,

ఆశీస్సులు.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. అడగకపోతే చెప్పేదాన్ని కాదు. షుగరు ఉన్నది నాకు.

మా వైపు ఎవరికీ లేదు. డాక్టరమ్మ నాకు కూతురు వయసు పిల్ల. నా మణికట్టు చూసి మొహం మార్చుకుంది. ‘ఇప్పటికైనా దొరికింది అమ్మా. మాత్రలు వేసుకుని, తిండి మార్చుకుని, రోజూ నడిస్తే మీ మాట వింటుంది. వదిలేస్తే మాత్రం మెల్లిగా కాళ్ళకి, కళ్ళకి వస్తుంది’ అని చెప్పింది. మీ అన్నయ్య అప్పుడు కళ్ళజోళ్ళ గదిలో ఉన్నారు. నా కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఏమందని అడిగితే ఈ వయసులో అందరికీ ఉండేదేలెండి అన్నాను.

ఇప్పుడు నేను చెప్పేది నిదానంగా విను. కోప్పడకు.

మార్చి నుంచి నేను ప్రార్థనలో ఏమడిగానో అప్పుడు నీకు చెప్పలేదు. ‘ఆయనకి రావలసింది ఉంటే అది నాకు ఇవ్వు. ఆయన కళ్ళు ఆయనకి వదిలెయ్యి.’ ఇదే అడిగాను, ఒక్కరోజు తప్పకుండా. ఆ రోజు డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. ఒకటి శుభ్రంగా ఉంది. ఇంకొకటి నాది. నాకు కలిగింది భయం కాదు చిట్టీ. ఎవరో నా మాట విని, తల ఊపి, సంతకం పెట్టినట్టు అనిపించింది.

అడిగి పుచ్చుకున్నదాన్ని మళ్ళీ వదిలించుకోవాలని చూడటం ధర్మమా? నేను మాత్రలు వేసుకుని పోగొట్టుకుంటే అది ఎక్కడికి పోతుంది? ఎవరిదో వాళ్ళ దగ్గరికే పోతుంది. అందుకని మాత్రలు కొనలేదు. బేకరీ డబ్బా ఇంకా వస్తోంది, నేనే తింటున్నాను. ఆయన వంతు నాదయ్యాక మధ్యలో విస్తరి ముందు నుంచి లేవకూడదు కదా.

నాకు దుఃఖమేమీ లేదు. పనిలోకి వస్తున్నాను, ప్రార్థనకి వెళ్తున్నాను. ఆయన నిచ్చెన మీద నిలబడి నిటారుగా గీత గీస్తుంటే చూసి తృప్తిగా ఇంటికి వస్తున్నాను. నువ్వు ఆయనకి చెప్పకూడదు. నా మీద ఒట్టు.

నీ వదిన


ఇంటి మెట్ల మీద,
ఆగస్టు, సెలవురోజు

వదినా,

ఈ ఉత్తరం కౌంటర్‌లో కూర్చుని రాయలేకపోయాను. సెలవు పెట్టుకుని రాస్తున్నాను.

మొదట కోపంతో ఒకటి రాశాను, చించేశాను. నీ భక్తి మీద నోరు పారేసుకునే అర్హత నాకు లేదు. ప్రార్థనలో కూర్చుంటే బండి వేళలు గుర్తొచ్చే రకం నేను. దేవుడి మనసులో ఏముందో నేను చెప్పను. మా ఇంట్లో ఏం జరిగిందో మాత్రం చెబుతాను. అప్పటికి నువ్వు కోడలిగా వచ్చి కొన్నాళ్ళే అయింది, లాండ్రీలో పొద్దుపోయేదాకా పని. ఇవి నీ కంట పడలేదు.

అమ్మ ఊలు అల్లేది, గుర్తుందా? వీధిలో సగం మంది పిల్లలు వేసుకున్న స్వెటర్లు అమ్మవే. నాన్నకి చూపు పోయాక అమ్మ అల్లడం మానేసింది. మనసు బాగోలేక మానేసిందనుకున్నారు అందరూ. అది కాదు. అల్లాలంటే రెండు చేతులూ కావాలి వదినా. అమ్మ చెయ్యి ఒకటి ఎప్పుడూ నాన్న చేతిలో ఉండేది. స్నానాల గదికి, వీధి అరుగు మీదికి, మంచం దగ్గరికి. ఊలు ఉండలు బుట్టలోనే చిమటలు తినేశాయి.

ఒకరోజు అమ్మ బయటికి వెళ్ళినప్పుడు నాన్న నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ‘చిట్టీ, నా కళ్ళు పోయినందుకు నాకు అంత బాధ లేదే. కావలసినన్ని రంగులు చూశాను. మీ అమ్మ కళ్ళు కూడా నేనే వాడేస్తున్నాను. దానికి చూసుకోవడానికి ఏమీ మిగల్చలేదు. అదే బాధ’ అన్నాడు. అప్పుడు నేను చిన్నదాన్ని. ఏదో పెద్ద మాట అనుకుని ఊరుకున్నాను. నీ ఉత్తరం చదివాక అర్థమైంది.

ఆ జబ్బు నీ దగ్గర పెట్టుకుంటే అన్నయ్యకి రాదనుకుంటున్నావు. నీకు చూపు తగ్గితే ఎవరి కళ్ళు వాడుకుంటావు? పక్కింటివాళ్ళవా? ఏ కళ్ళ కోసం అడిగావో ఆ కళ్ళే. రేపు నీ కాలికి పుండు పడి మానకపోతే కట్టు మార్చేది ఎవరు? నిన్ను చెయ్యి పట్టుకుని నడిపించేది ఎవరు? నిచ్చెన ఎక్కడానికి కూడా రెండు చేతులూ కావాలి వదినా. అన్నయ్య ఒక్క మాట అనడు. డబ్బాలకి మూతలు పెట్టేసి, కుంచెలు కడిగి కట్ట కట్టేసి వచ్చి నీ పక్కన కూర్చుంటాడు. తండ్రి బోర్డు తిరగరాసి నోరెత్తనివాడు కదా. తనకి సంతోషంగా ఉందనే నీతో చెబుతాడు, నువ్వు నమ్ముతావు.

నువ్వు ఆయన వంతు తింటున్నానంటున్నావు. తినడం లేదు. దాచి పెడుతున్నావు. అది పెరిగి పెద్దదై వాడి కంచంలోకే వస్తుంది.

నువ్వు ఒట్టు పెట్టావు, నేను చెప్పను. చెప్పవలసింది నువ్వే. ఆ కాగితం సంచిలోంచి తీసి వాడి చేతిలో పెట్టు. వాడికి ఇప్పుడు కళ్ళజోడు ఉందిగా, చదువుకుంటాడు.

నాకు అమ్మ లేదు. నువ్వున్నావు. నువ్వు నాకు ఇంకా కావాలి.

చిట్టి


ఇంటి వీధి గది,
అక్టోబరు

చిట్టికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రాయడానికి నాకు ధైర్యం రాలేదు, ఆ తర్వాత తీరిక దొరకలేదు.

చదివిన రోజున బల్ల మీద దుప్పటి మాడిపోయింది. ఇరవై ఏళ్ళలో నేను ఒక్క గుడ్డ మాడ్చలేదు. మేనేజరమ్మ అరవకుండా నా చేతిలోంచి ఇస్త్రీ పెట్టె తీసుకుని కూర్చోమంది.

మర్నాడు తెల్లవారి ప్రార్థనలో కూర్చుంటే రోజూ అడిగే మాట నోటికి రాలేదు. మాట లేకుండా ఊరికే కూర్చున్నాను. కూర్చోగా కూర్చోగా ఒక సంగతి తట్టింది. దేవుడు నన్ను ఏమీ అడగలేదు. బేరం పెట్టింది నేను, ఒప్పుకున్నది నేను, సంతకం చేసింది కూడా నేనే. దేవుడి సంతకం అనుకున్నాను. ఆయన నాకు ఇచ్చింది రెండు చేతులు, రెండు కళ్ళు, ఒక ఒళ్ళు. తిండి పారేస్తే పాపమని అంత పట్టుగా ఉన్నదాన్ని, ఈ ఒళ్ళు పారేస్తున్నానని చూసుకోలేదు. సిగ్గుపడ్డాను. క్షమించమని అడిగాను.

సాయంత్రం మీ అన్నయ్య పెరట్లో కుంచెలు కడుగుతుంటే కాగితం ఇచ్చాను. కళ్ళజోడు నుదుటి మీద నుంచి దింపుకుని చదివారు. ఇంకోసారి చదివారు. నేను మొత్తం చెప్పాను. ప్రార్థన, డబ్బా, మాత్రలు కొనకపోవడం, అన్నీ. ఆయన చేతిలో ఉన్న కుంచెని మళ్ళీ కడగడం మొదలుపెట్టారు. శుభ్రంగా ఉన్న కుంచెని ఎంతసేపు కడిగారో చెప్పలేను. నీళ్ళు తేటగా పారుతున్నాయి, ఇంకా కడుగుతూనే ఉన్నారు.

చివరికి, ‘నాకు చెప్పకుండా నా బదులు మాట్లాడటానికి నువ్వెవరు?’ అన్నారు. గొంతు గట్టిగా లేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను అలా అడగలేదు. ‘తప్పయింది’ అన్నాను. ‘నాన్న బోర్డు తిరగరాసి వచ్చి నేను కూడా చెప్పలేదు. మన ఇంట్లో అందరికీ ఇదే జబ్బు’ అన్నారు. అప్పుడు ఇద్దరం ఏడ్చాం.

ఆ వారమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆ పిల్ల నన్ను చూసి, ‘మీరు రారనుకున్నాను’ అంది. మాత్రలు వేసుకుంటున్నాను. గాయం ఎండి పక్కు కట్టింది. నా కంచంలో కూడా అన్నం తగ్గింది. మొదటి వారం ఆకలికి ఏడుపొచ్చింది. తీపి మీదకి మనసు లాగుతుంది, అబద్ధమెందుకు. మీ అన్నయ్య మాత్రం కీరా ముక్కలు నా వైపు జరిపి, ‘తిను, నువ్వు పండించిన పంటే’ అంటున్నారు. ఇది నయమై పోయేది కాదని, రోజూ చూసుకోవలసిందని డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. అలాగే అన్నాను.

బేకరీ పెద్దాయనకి మీ అన్నయ్యే వెళ్ళి చెప్పారు. ఆయనేమీ నొచ్చుకోలేదు. డబ్బా ఇప్పుడు ఆసుపత్రి దగ్గర రోగులకి తోడొచ్చి వరండాలో పడుకునేవాళ్ళకి వెళ్తోంది. మాటల్లో తన బేకరీ బోర్డు వెలిసిపోయిందని కూడా అన్నాడట. మీ అన్నయ్య దాన్ని కొత్తగా రాసిచ్చారు. కింద మూలన తన పేరు ఎప్పటికన్నా సన్నగా, చీమలు నడిచినంత చిన్నగా పెట్టారు. అదేమిటండీ, ఎవరికి కనిపిస్తుంది అన్నాను. ‘ఎవరికి కనిపించాలో వాళ్ళకి’ అన్నారు.

ఇప్పుడు నేను బెంచీ మీద కూర్చోవడం లేదు. భోజనం కాగానే ఇద్దరం నడుస్తాం. కొత్త చెప్పులు మెత్తగా ఉన్నాయి, కాళ్ళ మంట తగ్గింది. రోజూ బేకరీ ఎదుటికి రాగానే మీ అన్నయ్య ఆగి, ‘ఊఁ, చదువు’ అంటారు. రోడ్డుకి ఈవల నిలబడి, బోర్డు మీది దీపం వెలుగులో మూలనున్న ఆయన పేరు చదువుతాను. మాట సరిగ్గా వచ్చేదాకా ఆయన ఊపిరి బిగబట్టుకుని ఉంటారు. చీకట్లో కూడా నాకు తెలుస్తుంది. కళ్ళ డాక్టరు చూసి ఇప్పటికి దోషం లేదన్నారు. అయినా ఒక్కరోజు మానరు.

ఆయనకి జబ్బు రాకూడదని అడిగాను గాని, నా భయం ఇలా ఆయన దగ్గరికి చేరింది. జబ్బు నాకు ఉండిపోయింది, నేను పడ్డ దిగులు ఆయనకి వచ్చింది. ఇంక దాన్ని ఎవరి దగ్గర నుంచి ఎవరూ తీసుకోలేరని తెలుసుకున్నాను. తెల్లవారి ప్రార్థనలో ఇప్పుడు నాకనీ ఆయనకనీ విడదీసి అడగడం లేదు. ‘మా ఇద్దరికీ’ అంటున్నాను, అక్కడితో ఆపుతున్నాను.

నువ్వు ప్లాట్‌ఫారం మీద నడక మానకు. ఏడాదికోసారి రక్తం చూపించుకో. నువ్వు రాసిన ఉత్తరం నా ప్రార్థన పుస్తకంలో ఉంది.

ఇకమీదట ఉత్తరాలు లాండ్రీకి కాదు, ఇంటికే రాయి. మీ అన్నయ్య ముందు తాను చూసి, తర్వాత దూరంగా పట్టుకుని నాతో చదివిస్తారట. కాబట్టి కాస్త చిన్న అక్షరాలతో రాయి.

నీ వదిన